నిమ్మచెట్టును బెదిరించమన్న పత్రిక

ఆ ఆదివారం ఉదయం పది గంటలలోపు మూడు తోటపని పత్రికల్లో రెండింటిని మానిపించాలన్నది గోదావరి పెట్టుకున్న పని. పోపు డబ్బా సర్దినంత సేపట్లో తేలిపోతుందనుకుంది.

కారణం అటక. వంటింటి మీది అటక శుక్రవారం నాడు మధ్యలో కుంగి, పదకొండేళ్ల పత్రికల కట్టల్లో ఒకటి జారి, భర్త నాగేశ్వర్ తింటున్న పోహ ప్లేటు పక్కన పడింది. పక్కన పడిందని గోదావరి అంటుంది, ప్లేటులోనే పడిందని అతను అంటాడు. ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా ఫైళ్ల కింద బతుకుతున్న మనిషికి ఇంట్లో కూడా కాగితాలే మీద పడటం అన్యాయంగా తోచింది. ఒక్క పత్రిక ఉంచుకుని తక్కినవి పాతకాగితాలు కొనే రద్దీవాడికి వేసెయ్యమన్నాడు. ఏది ఉంచాలన్నది మాత్రం ఆమె ఇష్టానికే వదిలాడు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో అతను ఆమె ఇష్టానికి వదిలిన పెద్ద నిర్ణయాల్లో ఇది రెండోది. మొదటిదేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

గోదావరి చాప పరిచి మూడు కట్టలు ముందు పెట్టుకుంది. మొదటిది హిందీ పత్రిక ‘ఆంగన్ బహార్’. కాగితం నున్నగా, బరువుగా ఉంటుంది. అందులో పూలమొక్కల ముందు నిలబడే ఆడవాళ్లందరూ తెల్ల చీరలు కట్టుకుని నవ్వుతుంటారు. ఇరవై సంచికలు తిరగేసినా ఒక్కరి గోళ్లలోనూ మన్ను కనబడలేదు. దాన్ని పక్కన పెట్టింది.

రెండోది మరాఠీ పత్రిక ‘హిర్వీ గచ్చీ’, అంటే పచ్చటి మిద్దె. అందులోని ప్రతి వ్యాసమూ మొక్కకు వచ్చిన జబ్బును కళ్లకు కట్టినట్టు వర్ణించి, చివరకు దగ్గర్లో ఉన్న వ్యవసాయం తెలిసినవారిని కలవమని ముగుస్తుంది. గోదావరి ఒకసారి అలాంటి పెద్దమనిషిని వెతుక్కుంటూ వెళ్లి కలిసింది. ఆయన ‘హిర్వీ గచ్చీ’ చదవమని సలహా ఇచ్చాడు. అదీ పక్కకు పోయింది.

మిగిలింది హైదరాబాదు నుంచి పోస్టులో వచ్చే తెలుగు పత్రిక ‘పచ్చపందిరి’. గోదావరి మిద్దె మీద ఏది పచ్చగా ఉన్నా దాని చలవే. కరివేపాకుకు పుల్లటి మజ్జిగ పోయమన్నది అదే. బీరపాదు కొనలు ఎప్పుడు తుంచాలో చెప్పింది అదే. నాలుగేళ్లు గొడ్డుగా నిలబడ్డ నిమ్మచెట్టుకు నీళ్లు ఆపి, కత్తి చూపించి బెదిరించమన్నది కూడా అదే. ఆ ఏడు నాలుగు ఇళ్లకు సరిపడా ఊరగాయ పడింది. కాబట్టి ఎంపికలో కష్టమేమీ లేదు. కష్టమల్లా గోదావరికి తెలుగు చదవడం రాకపోవడమే.

మహారాష్ట్రలో వాళ్లుండే నాందేడ్‌లో ఇలాంటి ఇళ్లు కొత్త కాదు. తెలుగు నోట్లో ఉంటుంది, మరాఠీ బళ్లో ఉంటుంది. గోదావరి బీయే వరకు మరాఠీలోనే చదివింది. ముఖేడ్‌లో తన పుట్టింట్లో పెళ్లిచూపుల నాడు కాబోయే అత్త వెంకవ్వ సంచిలోంచి ఒక తెలుగు పుస్తకం తీసి, చదువు బిడ్డా అంది. బీయే పాసైన పిల్ల చదవడం రాదంటే ఏం బాగుంటుందని, గోదావరి పుస్తకం తెరిచి, చిన్నప్పుడు నాయనమ్మ నోట విన్న వ్రతకథ ఒకటి గడగడా అప్పజెప్పింది. వెంకవ్వ తల ఊపి, పిల్ల మంచిగ చదువుతుందని తేల్చేసింది. అదృష్టం కొద్దీ అది వ్రతకథల పుస్తకమే అయి ఉంటుందని గోదావరి సమాధానపడింది.

చదువు వచ్చిన కోడలు ఇంట్లో ఒక్క తెలుగు కాగితమైనా లేకుండా ఉండటం బాగోదని, మిద్దెతోట మొదలుపెట్టినప్పుడు ‘పచ్చపందిరి’ తెప్పించింది. వచ్చిన ప్రతి సంచికనూ, కళ్లు మండుతున్నాయి మీరే చదవండని అత్త చేతికిచ్చేది. వెంకవ్వ అద్దాలు పెట్టుకుని, వరుస వెంట వేలు నడిపిస్తూ చదివి వినిపించేది. పదకొండేళ్లుగా ఏర్పాటు చక్కగా నడుస్తోంది.

తొమ్మిదిన్నరకు పక్కింటి రూపాలి కరివేపాకు కోసం వచ్చింది. కాలనీ మహిళా మండలికి ఆవిడ కార్యదర్శి. గణపతి గుడి మీది హాల్లో వాళ్లు పెట్టిన వాచనాలయానికి, అంటే గ్రంథాలయానికి, ఏ తోటపని పత్రిక తెప్పించాలన్న దాని మీద మండలి రెండు నెలలుగా చీలిపోయి ఉంది. చాప మీది కట్టలు చూసి, సంగతి తెలుసుకుని, గోదావరి తాయి, అంటే గోదావరక్క, ఏది ఉంచుకుంటే మండలికీ అదే అని రూపాలి అక్కడికక్కడే తీర్మానించింది. అయితే సభ్యులు ముందుగా వినాలి. సాయంత్రం ఐదింటికి గోదావరి తాయి ఆ నిమ్మచెట్టు వ్యాసం తెలుగులో చదివి, మరాఠీలో చెప్పాలి. గోదావరి నోరు తెరిచేలోగా గ్రూపులో మెసేజీ వెళ్లిపోయింది. కరివేపాకు తీసుకుని రూపాలి మెట్లు దిగేలోగా పద్దెనిమిది బొటనవేళ్లు వచ్చాయి.

ఎటు తిప్పి ఆలోచించినా సంగతి ఒకటే. సాయంత్రం ఐదింటికి, కాలనీ ఎదుట, అన్నిటికీ మించి అత్త ఎదుట, ముఖేడ్ నాటి చదువు బయటపడబోతోంది. ఇక మిగిలిన దారి, అప్పుడు పనికొచ్చిందే. వ్యాసాన్ని బట్టీ పట్టాలి.

మధ్యాహ్నం వెంకవ్వ తమలపాకు నములుతూ కూర్చుని ఉండగా కట్ట తెచ్చి ముందు పెట్టింది.

"అత్తమ్మా, గా నిమ్మచెట్టు సంగతి ఇంకోపారి సదువుండ్రి. జర మెల్లగ."

"ఇప్పుడెందుకు? చెట్టు కాస్తనే ఉన్నది కద."

"రూపాలికి చెప్పాలె."

"అయితె నువ్వే సదువుకోరాదు."

"నా కండ్లు మండుతున్నయి అత్తమ్మా."

"పదకొండేండ్ల సంది మండుతున్నయి నీ కండ్లు. ఎవలికన్న చూపియ్యి," అంటూ వెంకవ్వ కట్టలోంచి వెనకట్ట మీద పెద్ద నిమ్మకాయ బొమ్మ ఉన్న సంచిక లాగి, అద్దాలు పెట్టుకుని, మధ్యలో ఒక పేజీ తెరిచింది. చైత్రం ఎల్లినంక ఎనిమిది దినాలు నీళ్లు బంద్ పెట్టాలె, ఆకు వాలాలె, తొమ్మిదో దినం పొద్దుగాల ఒకలు కత్తి ఎత్తి ఈ యేడు కాయకుంటె నరుకుత అనాలె, ఇంకొకలు అడ్డం పడి ఒక్క యేడు ఆగుండ్రి కాస్తది అనాలె, అని వేలు నడిపిస్తూ చదివింది.

గోదావరి మరొక్కసారి చదవమంది. ఈసారి ఎనిమిది దినాలు పదకొండయ్యాయి, కత్తి గొడ్డలయ్యింది. ఇదేమిటని అడిగితే, మొదట పై వరుస మీద వేలు పెట్టానని, ఇప్పుడు కింది వరుస మీద పెట్టానని వెంకవ్వ చెప్పింది. తెలుగు రాత పద్ధతి అలాంటిదేమో అనుకుని గోదావరి ఎనిమిది దినాలనూ కత్తినీ ఖాయం చేసుకుంది. సాయంత్రం సభ అని చెప్పాక మాత్రం వెంకవ్వ తమలపాకు నమలడం ఆపింది.

"పుస్తకం తీస్కపోకు. ఉత్తగ నోటితోని చెప్పు," అంది.

పాత సంచిక, చినిగిపోతుందని అత్తకు బెంగ కాబోలు అనుకుంది గోదావరి.

ఎందుకైనా మంచిదని పెరట్లోకి వెళ్లి, ఆ పేజీని ఫోనుకు చూపించి మరాఠీలో చెప్పమంది. అల్లుణ్ణి ఎనిమిది రోజులు నీడలో ఆరబెట్టి, కళ్లు పైకి ఉండేలా పాతిపెట్టాలని ఫోను చెప్పింది. గోదావరి ఫోను కట్టేసింది.

నాలుగున్నరకు నాగేశ్వర్ ఇస్త్రీ చొక్కాలో, పక్కన ఒక మనిషితో వచ్చాడు. వచ్చినవాడు సంగన్న. ధర్మాబాద్ నుంచి ప్రతి ఆదివారం రైల్లో మొక్కలు తెచ్చి చౌరస్తాలో అమ్ముకుంటాడు. బాసరలో మేనమామ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా తెలుగులో చదివాడు. సభలో ఉన్నవాళ్లంతా మరాఠీవాళ్లయితే భార్య తెలుగు చదువు గొప్పదనం ఎవరికి తెలుస్తుందని నాగేశ్వర్ మధ్యాహ్నమంతా ఆలోచించి చేసిన పని ఇది.

"నీ తెలుగు సమజయ్యేటోడు ఒక్కడన్న ముందల కూసోవాలె కద," అన్నాడు. ఇరవై మూడేళ్లలో అతను భార్య గురించి ఇంతగా ఆలోచించడం ఇదే మొదలు. అంతటితో ఆగక, ప్రదర్శనకు పనికొస్తాయని అటక మీది ‘పచ్చపందిరి’ సంచికలన్నీ గోనెసంచిలో వేసుకుని బయలుదేరాడు.

హాలు నిండి ఉంది. రూపాలి ఉత్తి చదువుతో సరిపెట్టే మనిషి కాదు. మూడేళ్లుగా ఒక్క కాయా కాయని తన నిమ్మచెట్టును కుండీతో సహా మోయించి తెచ్చి వేదిక మీద పెట్టింది. పక్కన కొబ్బరిబోండాలవాడి దగ్గర అడిగి తెచ్చిన కొడవలి కత్తితో ఆమె భర్త గజానన్ నిలబడి ఉన్నాడు. వ్యాసంలో కత్తి మాట రాగానే ఎత్తాలని అతనికి చెప్పి ఉంచింది.

గోదావరి సంచిక తెరిచింది. వెంకవ్వ మొదటి వరుసలో కూర్చుని పంకాను చూస్తోంది. గోదావరి మొదటి మాట తడబడింది గానీ, తర్వాత పెళ్లిచూపుల నాటి ఒరవడి వచ్చేసింది. నీళ్లు బంద్ పెట్టించింది, ఆకు వాల్చింది, పేజీ తిప్పాల్సిన చోట పేజీ కూడా తిప్పింది. కత్తి మాట రాగానే గజానన్ కత్తి ఎత్తాడు. చప్పట్లు పడ్డాయి.

ఆ చప్పట్లలో సంగన్న లేచి, మొక్కలవాడు గనక మొక్క సంగతి సరిగ్గా తెలుసుకోవాలని దగ్గరికి వచ్చి పేజీలోకి చూశాడు.

"అక్కా, గీ పేజీల అల్లం ఉన్నది," అన్నాడు మర్యాదగా. "నిమ్మ లేదు."

ఫోను చెప్పిన అల్లుడెవరో గోదావరికి అప్పుడు తెలిసింది. సంగన్న సంచిక అందుకుని మొత్తం తిరగేశాడు. వెనకట్ట మీది నిమ్మకాయ గిన్నెలు తోమే సబ్బు ప్రకటనట. వేరే సంచిక అయి ఉంటుందని రూపాలి అంది. నాగేశ్వర్ ఉత్సాహంగా గోనెసంచి విప్పాడు. సంగన్న నిజాయితీగల మనిషి. పద్ధతిగా ఏడు సంచికలు చూశాడు. గులాబీ అంట్లు, నీటి పైపులు, కుందేళ్ల పెంపకం ఉన్నాయి. మజ్జిగ లేదు, కత్తి అసలే లేదు. గజానన్ ఎత్తిన కత్తి అలాగే పట్టుకుని ఉన్నాడు. దించమని అతనికి ఎవరూ చెప్పలేదు.

అందరూ గోదావరిని చూశారు. గోదావరి అత్తను చూసింది. పంకా తిరగడం ఆగి చాలాసేపయినా వెంకవ్వ ఇంకా దాన్నే చూస్తోంది. ఎనిమిది దినాలు పదకొండెందుకయ్యాయో, పుస్తకం వద్దని ఎందుకందో ఒక్కొక్కటే వరుసలో వచ్చి కూర్చున్నాయి. తప్పు పేజీ చదివానని ఒక్క మాటంటే తాను గట్టెక్కుతుంది. కానీ అప్పుడు సరైన పేజీ చూపించమని, ఇంట్లో చదివి వినిపించే అత్త చేతికి అద్దాలు ఇస్తారు.

"నాకు తెలుగు సదువరాదు," అంది గోదావరి. అదే మాట మరాఠీలో కూడా చెప్పింది.

వెంకవ్వ పంకాను వదిలిపెట్టి లేచింది.

"దానికి రాదు," అంది. "నాక్గూడ రాదు."

మరి ఇదంతా చెప్పిందెవరని రూపాలి అడిగింది.

"కొన్ని మా అవ్వ చెప్పింది. కొన్ని చేన్ల సూసి నేర్సుకున్న. ధర్మాబాద్ పక్క నలభై ఏండ్లు మట్టిల చెయ్యి పెట్టిన. ఈ ఊరికి అచ్చినంక, కరివేపాకుకు పుల్లటి సల్ల పొయ్యిరా అంటె, ఏ పుస్తకంల రాసిండ్రు అవ్వా అని నవ్విండు గా నా కొడుకు. సరే అనుకున్న. తెల్లారి పుస్తకం తెరిసి, వేలు పెట్టి, గదే మాట చెప్పిన. మాట్లాడకుంట చెంబెడు పోసచ్చిండు."

ఈసారి అందరూ నాగేశ్వర్‌ను చూశారు. అతను గోనెసంచి మూతి చాలా జాగ్రత్తగా కట్టుకుంటున్నాడు.

మండలి పది నిమిషాలు చర్చించింది. హిందీ పత్రికనూ మరాఠీ పత్రికనూ చదివి వాళ్ల మిద్దెల మీద పెరిగినవేమిటో ఒక్కొక్కరూ గుర్తుచేసుకున్నారు. పెద్దగా సమయం పట్టలేదు. వాచనాలయానికి ‘పచ్చపందిరి’నే తెప్పించాలని, ప్రతినెలా మొదటి ఆదివారం వెంకవ్వ వచ్చి దాన్ని చదివి వినిపించాలని, గోదావరి మరాఠీలో చెప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. వెళ్తూ వెళ్తూ వెంకవ్వ వేదిక దగ్గర ఆగి గజానన్‌తో, "కత్తి దించు నాయినా. చెట్టు భయపడ్డది, సాలు," అంది.

అత్తాకోడళ్లు ఇంటికి నడిచారు. చౌరస్తా దాటాక గోదావరే అడిగింది.

"ముఖేడ్‌ల నేను సదివినప్పుడు, నాకు రాదని మీకు ఎర్కనా అత్తమ్మా?"

"ఎట్ల ఎర్కైతది?" అంది వెంకవ్వ. "నాకు వస్తెగద, నీకు రాదని ఎర్కయ్యేది."

మర్నాడు రూపాలి తీర్మానాన్ని మరాఠీలో రాసి, వాచనాలయం తలుపు మీద అతికించింది. తెలుగు చదవడం వచ్చినవారు మొదటి ఆదివారం లోపలికి రాకూడదన్న షరతు కిందవైపు చిన్న అక్షరాల్లో ఉంది, అది వర్తించేది సంగన్న ఒక్కడికే గనక అతనికి అర్థం కావాలని ఆ ఒక్క వాక్యం అతనితోనే తెలుగులో రాయించారు.