ఊరంతా వందనం చేసిన జెండా

సెప్టెంబరు పదిహేను, ఎల్ సాల్వడార్ స్వాతంత్ర్య దినం. చరిత్ర మాస్టారు దోన్ ఎవేలియో పొద్దున్నే రెండు పుపూస రొట్టెలు గబగబా మింగి, జెండా మొయ్యబోయే కూతురు యెసేనియా చేత పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు. ఇన్నేళ్లూ సాన్ ఎవరిస్తో ఊరి ఊరేగింపులో వాళ్ల బడిది చిట్టచివరి చోటు, మున్సిపాలిటీ చెత్తబండికి కాస్త ముందు. ఈసారి ఎల్ సాల్వడార్ పాత జెండా చూపిస్తానని మేయరుని కాళ్లావేళ్లా పడి బతిమాలి ముందు వరస సంపాదించాడు. ఇక ఆయన పరువంతా ఆ జెండా మీదే ఉంది.

దానితో ఒకటే చిక్కు. ఆ పాత జెండాకి నీలం, తెలుపు చారలు, మూలన ఎర్ర గడిలో నక్షత్రాలు. రంగులు చూడకపోతే అచ్చం అమెరికావాళ్లదే, జనం గ్రింగోలనేవాళ్లది.

"గ్రింగోల జెండా అని ఎవరో ఒకరు కూస్తారు. అప్పుడేమంటావు?"

"ఇది మన పాత జెండానే, చరిత్ర చదువుకోండి అంటాను."

"ఏం జరిగినా?"

"దించను నాన్నా."

జెండా కుట్టింది వీధి చివర దర్జీ ఇర్మా. మాస్టారు ఆవిడకి జెండా బొమ్మ నలుపు తెలుపు జిరాక్సు ఒకటి ఇచ్చాడు. రంగులేమిటని ఆవిడ అడిగితే ఈయనకి ఒళ్లు మండింది. "ఈ దేశంలో పుట్టి సొంత జెండా రంగులు నన్నడుగుతారా? సిగ్గుండాలి!" పాపం, ఆవిడ మళ్లీ నోరెత్తలేదు. కర్రకి చుట్టిన జెండాని ఆ పొద్దున్నే పంపించింది.

ఊరేగింపులో మాస్టారు మైకు పట్టుకుని ముందు నడిచాడు. వెనక యెసేనియా జెండా విప్పింది.

"నాన్నా, రంగులు..."

"ఎండలో అలాగే కనిపిస్తాయి. నడువు!" అన్నాడు తల తిప్పకుండానే.

మొదటి మలుపులోనే అటోలె అనే మొక్కజొన్న జావ అమ్మే లిచా గరిటె పైకెత్తింది. "ఇదేం చోద్యం మాస్టారూ! గ్రింగోల జెండా పట్టుకొచ్చారేం? దేశాన్ని వాళ్లకి రాసిచ్చేశారా?"

మాస్టారు వెనక్కి తిరగనైనా లేదు. "చదువు లేకపోతే ఇదే గతి! మన తాతలు మొక్కిన జెండానే గుర్తుపట్టలేరా?" అని మైకులో దులిపేశాడు. లిచా తల దించుకుంది. మూడు వీధులూ ఇదే వరస. పార్కు దగ్గరికొచ్చేసరికి అడిగినవాళ్ల నోరు జనమే మూయిస్తున్నారు.

వేదిక మీద మేయరు మైకు అందుకున్నాడు. "అందరూ గుండె మీద చెయ్యి వేసుకోండి. జెండా ప్రార్థన!"

మాస్టారు కూడా చెయ్యి వేసుకుని, అప్పుడు తిరిగి చూశాడు.

ఎర్ర చారలు. మూలన నీలం.

భూమి చీలి తనని మింగేస్తే బాగుండునని నిజంగానే అనుకున్నాడు. ఊరు ఊరంతా కళ్లు మూసుకుని అమెరికా జెండాకి ప్రార్థన చేస్తోంది. ముందు వరసలో ఇర్మా కళ్లొత్తుకుంటోంది. "ఇదేనా, కాదా అని తెగ మథనపడ్డాను మాస్టారూ. మీరు తిట్టింది మంచిదే అయింది!"

ఆ మాట ఆయన్ని నిలువునా కాల్చేసింది. మేయరు చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఆపండి! అది మనది కాదు, అమెరికావాళ్లది. తప్పు నాది. ఇర్మాగారిని ఒక్క మాట అనకండి!"

అంతలో లిచా పకపకా నవ్వింది.

"చాల్లెండి మాస్టారూ! మళ్లీ పప్పులో కాలేస్తామేమోనని పరీక్ష పెడుతున్నారు కదూ?"

చప్పట్లు మోగిపోయాయి.

"నిజమండీ బాబూ! ఆ చారలు చూడండి!" అని మాస్టారు మొత్తుకున్నాడు.

"చరిత్ర చదువుకోండి!" అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆయన సిగ్గుతో కూతురి వైపు తిరిగాడు. "దించెయ్ తల్లీ."

"మూడు వీధులూ పిలుస్తూనే ఉన్నాను. ఒక్కసారైనా వెనక్కి చూశావా?" యెసేనియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం జరిగినా దించనని మాటిచ్చానుగా."



మరుసటి ఏడు కూడా ఆ జెండానే ముందు నడవాలని ఊరు పట్టుబట్టింది; కాదని వాదించిన చరిత్ర మాస్టారిని చెత్తబండి వెనక్కి పంపారు.