కృపారావు మీద నవ్వు ఏ రకానిది

నవ్వులపాలైన మనిషి ముందుగా చేయవలసిన పని బాధపడటం కాదు. తన మీద పడిన నవ్వుకు ఇంగ్లీషులో పేరేమిటో తేల్చుకోవడం. జంషెడ్‌పూర్‌లోని ఒక కర్మాగారంలో (పేరెందుకు, పొగ అందరిదీ ఒకటే) మర్యాద పరిరక్షణ విభాగం ఈ సత్యాన్ని ఒక యాప్‌గా మలిచింది.

బిర్సానగర్ బస్తీలో ఉండే కృపారావు అక్కడ కింద నిలబడి, పైన క్రేన్ నడిపేవాడికి చేతి సంజ్ఞలు ఇస్తాడు. అరచేయి నేలకేసి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. ఆ హోరులో ఏళ్ల తరబడి నోటికి పనిలేక, మాట్లాడే బాధ్యత చేతులు తీసుకున్నాయి. కాంటీన్‌లో పప్పు వడ్డించేవాడికి కూడా అవే సంజ్ఞలు. గరిటె నెమ్మదిగా దిగుతుంది, పిడికిలి చూసి ఆగుతుంది. అదే బల్ల దగ్గర తినే తోటి కార్మికుడు బంగార్రాజు దీన్ని అచ్చంగా చేసి చూపించేవాడు. బల్లంతా నవ్వేది. కొన్నాళ్లకు కృపారావు కాంటీన్ మానేసి, సామాన్ల గది వెనక ఒక్కడే టిఫిన్ డబ్బా విప్పుకోవడం మొదలుపెట్టాడు. గోడకు ఎదురుగా తింటే అన్నం త్వరగా అయిపోతుంది, ఆకలి మాత్రం అలాగే ఉంటుంది (మనస్తత్వ శాస్త్రం దీనికింకా పేరు పెట్టలేదు, ఇంగ్లీషులో వెతుకుతున్నారు).

చివరికి ఫిర్యాదు చేశాడు. ఏ రకం హేళన అని యాప్ అడిగింది. విభాగాధికారి వెంకటరమణ గారు ఓపికగా వివరించారు. అనుకరించి నవ్విస్తే మాకరీ. నలుగురిలో చిన్నబుచ్చితే రిడిక్యూల్. రెచ్చగొట్టడానికి పొడిస్తే టాంట్, అయితే కృపారావు రెచ్చిపోయినట్టు సాక్ష్యం కావాలి. పెదవి మాత్రమే వంగితే స్నీర్; ఏ పక్కకు వంగిందో చెప్పాలి. గుంపుగా అరిస్తే జీర్, అది శబ్ద కాలుష్యం వాళ్ల కిందికి వెళ్తుంది. ప్రేమతో ఏడిపిస్తే టీజ్. అది నేరం కాదు, సంక్షేమ కార్యక్రమం.

"మీకేది బాగుంటే అదే ఎట్టండి బాబూ," అన్నాడు కృపారావు. "నాకు నలుగురితో కూకుని అన్నం తినాలనుంది. అంతే."

ఆ కోరికకు యాప్‌లో గడి లేదు.

కమిటీ వేశారు. కళ్లారా చూడనిదే పేరు పెట్టలేమని, బంగార్రాజును తమ ముందు చేసి చూపమన్నారు. అతను మొహమాటపడుతూనే లేచి, లేని గరిటెను దించాడు. ఒక సభ్యురాలి పెదవి వంగింది (కుడి పక్కకు). ఒకాయన ముక్కులోంచి గాలి వదిలారు (పేరు కోసం నిఘంటువు తెప్పించారు). అధ్యక్షులు బల్ల చరిచారు. కమిటీ నవ్వు కమిటీ పరిధిలోకి రాదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఓ పక్కన నిలబడి చూస్తున్న కృపారావు మాత్రం ఉండబట్టలేకపోయాడు. "అలక్కాదురా బంగార్రాజూ, పిడికిలి ఇంకా పైకెత్తాలి. అలా ఎడితే సరుకు నెత్తిమీద పడిపోద్ది."

"ఠీక్ హై అన్నా, ఇలాగేటి?" బంగార్రాజు సరిదిద్దుకున్నాడు. "నువ్వు లేక బల్లకాడ మజా రావట్లేదన్నా. రేపొచ్చేయ్."

ఇద్దరూ నవ్వుకున్నారు. సమస్య తీరిపోయే ప్రమాదం ఉందని గ్రహించి కమిటీ వెంటనే జోక్యం చేసుకుంది.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. హేళన ఏ రకానిదో తేలనందున అన్ని రకాలూ నిషేధం. కృపారావు కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ నవ్వరాదు, అనుమానాస్పదంగా దగ్గకూడదు. మీరినవారి ప్రమోషన్ ఆగుతుంది. (బంగార్రాజుది ఈ ఏడాదే ఉంది.)

మర్నాడు కృపారావు కాంటీన్‌కు వెళ్లాడు. బంగార్రాజు జరిగి చోటిచ్చాడు. బల్లంతా పళ్లాల్లోకి చూస్తూ తింటోంది. నలుగురూ ఉన్నారు, అన్నం ఉంది, గోడ కూడా ఎలాగో వచ్చి మధ్యలో కూర్చుంది. పప్పు వచ్చింది. కృపారావు అందర్నీ ఒకసారి చూశాడు. లేచి నిలబడి, రెండు చేతులతోనూ, మునుపెన్నడూ చేయనంత ఘనంగా గరిటెను దింపించాడు. పిడికిలి బాగా పైకెత్తి ఆపించాడు. అలాగే ఎత్తిపట్టి కాసేపు నిలబడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ కర్మాగారంలో ఒక ఉత్తర్వు ఇంత కచ్చితంగా అమలు కావడం అదే మొదటిసారి.