ఇమోజీన్ బండి కింద నీలం

ఆ ఉదయం ఇమోజీన్ ట్రాస్క్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరక ముందే ఎదురుగా ఉన్న కొండ బొమ్మ పూర్తి చెయ్యాలి, జుట్టు దువ్వుకోవాలి, మధ్యాహ్నం క్యాంపు అధికారిణి, రేంజర్ ఇనెజ్ టఫోయా వచ్చేసరికి ట్రెయిలర్ ముందు కుర్చీ వేసుకుని మర్యాదస్తురాలిలా కూర్చుని ఉండాలి. ఈ మూడింటిలో చివరిదే ఆమెకు అలవాటు లేని పని.

ఇమోజీన్ నీటిరంగుల చిత్రకారిణి. ఒహాయోలో ఇల్లు అమ్మేసి, పికప్ వెనక పాత ట్రెయిలర్ తగిలించుకుని ఏళ్ళ క్రితమే రోడ్డెక్కింది. ఆ ట్రెయిలరే ఇల్లు, అదే పని చేసుకునే గది. వేసవిలో ఎక్కడ ఆగినా ఆమెకు ఫరవాలేదు గాని, చలికాలం వచ్చిందంటే మాత్రం బతుకు చిక్కున పడేది. చలికి రంగునీళ్ళు కాగితం మీదే గడ్డకడతాయి, చెమ్మ ఉన్న చోట బొమ్మ ఆరదు. న్యూ మెక్సికో ఎడారి ఒక్కటే దిక్కు. తీరా అక్కడికి వెళితే, ఉత్తరాది పెన్షనర్లందరూ బండ్లు వేసుకుని ముందే వాలిపోయి ఉంటారు. దొరికిన చోటయినా రెండు వారాలకు మించి ఉండనివ్వరు.

అందుకే డెడ్ మ్యూల్ వాష్ క్యాంపులో ఆ ఏడు పెట్టిన కొత్త ఏర్పాటు ఆమెకు వరంలా తోచింది. ఒక చిత్రకారుడికో చిత్రకారిణికో చలికాలమంతా చోటిస్తారు. బదులుగా వాళ్ళు శనివారాల్లో క్యాంపు జనానికి బొమ్మలు నేర్పాలి. ఎంపికైంది ఇమోజీనే. రేంజర్ వచ్చి అంతా సవ్యంగా ఉందని చూసుకుని సంతకం పెడితే ఖాయమైపోతుంది. పెట్టలేదంటే మర్నాటితో గడువు తీరుతుంది, ఆ పైన ఎక్కడ తెల్లవారుతుందో ఆమెకే తెలియదు.

ఇక ఆ క్యాంపుకు హోస్టు వెర్లిన్ హప్. హోస్టు అంటే జీతం లేని పెత్తనం. క్యాంపులో ఉచితంగా చోటిస్తారు, దానికి బదులు అందరినీ ఓ కంట కనిపెట్టి ఉండాలి. వెర్లిన్‌కు ఒక టోపీ, తిరగడానికి ఒక గోల్ఫ్ బండి ఇచ్చారు. కనిపెట్టి ఉండే పని మాత్రం ఆయన భార్య ఓపల్ చూసుకునేది. గోల్ఫ్ బండికి బ్రేకులుండేవి, ఓపల్‌కు ఉండేవి కావు.

పొద్దున్నే నడకకు వెళ్ళిన ఓపల్, ఇమోజీన్ ట్రెయిలర్ వెనక భాగాన, సరిగ్గా ట్యాంకు మూత కింద, తడిసిన ఇసుకలో నీలం చూసింది.

ట్రెయిలర్ జనానికి నీలం అంటే ఆకాశం గుర్తుకు రాదు. మరుగుదొడ్డి ట్యాంకులో కంపు చంపడానికి పోసే మందు నీలంగా ఉంటుంది. బండి కింద నీలం కనిపించిందంటే, డంప్ స్టేషన్ దాకా పోయి ఖాళీ చెయ్యడానికి బద్ధకించి ఎవరో నేల మీదే వదిలేశారన్నమాట. ఆ లోకంలో ఇంతకు మించిన పాపం లేదు. పెళ్ళాన్ని వదిలేసినవాణ్ణయినా మంట దగ్గరకు పిలిచి కాఫీ ఇస్తారు గాని, ట్యాంకు వదిలినవాడి మొహం చూడరు.

నిజానికి జరిగింది వేరు. కుంచెలు కడిగిన నీళ్ళు సింకులో పోస్తే దాని ట్యాంకు నిండిపోతుంది, నిండినప్పుడల్లా ఇంటిని ఈడ్చుకుంటూ డంప్ స్టేషన్‌కు పోవాలి. నేల మీద పోద్దామంటే రంగు, మనసొప్పదు. అందుకని ఇమోజీన్ ఆ నీళ్ళు ఒక ప్లాస్టిక్ బేసిన్లో పోసి బండి వెనక పెట్టేది. అవి ఎండకు ఇగిరిపోతాయని ఆమె నమ్మకం. ఎంత పోసినా చూస్తుండగానే బేసిన్ ఖాళీ అయ్యేది. ఎడారి ఎండ మహత్యమే మహత్యం అని ఆమె మురిసిపోయేది. బేసిన్ అడుగున పగులుందనీ, పగులు చేసిన పనికి తాను సూర్యుణ్ణి మెచ్చుకుంటున్నాననీ ఆమెకు తట్టలేదు.

ఓపల్ ఇంటికి పోయి మొగుణ్ణి లేపింది. వెర్లిన్ వచ్చి ట్రెయిలర్ వెనక మోకాళ్ళ మీద వంగి, ముక్కు ఇసుకకు ఆనించి మరీ వాసన చూశాడు. తర్వాత పైకి లేచి, నిజాయితీపరుడు గనక, ఉన్నమాటే చెప్పాడు.

"వాసనేం లేదే."

"అదే నేననేది. వాసన రాకుండా ఎంత మందు పోసిందో చూడు," అంది ఓపల్.

అనుమానానికి ఆధారం దొరికితే అది ఒక రుజువు, దొరక్కపోతే రెండు రుజువులు. వెర్లిన్ ముక్కు కొసకు నీలం అంటుకుంది. ఇంటికి పోయి సబ్బుతో రుద్దాడు, పోలేదు. సబ్బుకు కూడా లొంగలేదంటే అది ఎంత ఘాటు మందో, అలాంటిది నేలలోకి ఇంకితే క్యాంపు గతేమిటో ఓపల్ కాఫీ చల్లారిపోయేదాకా వివరించింది. పాపం వెర్లిన్ ముక్కు పట్టుకుని కూర్చున్నాడు.

అప్పటికి ఇమోజీన్‌కూ అనుమానం మొదలైంది. హోస్టు తన బండి వెనక నాలుగు కాళ్ళ మీద ఉండడం ఆమె కిటికీలోంచి చూసింది. ముందు చక్రాల దొంగేమో అనుకుంది. వాళ్ళు వెళ్ళాక బయటికి వచ్చి చూస్తే ఇసుకలో నీలం కనిపించింది. కొండ మీది నీడల్లో నీలాన్ని ఎన్ని రకాలుగానైనా విడదీసి చూడగల మనిషి, తన బండి కింది నీలాన్ని మాత్రం ఒక్క రకంగానే చూసింది. ఎంతైనా ఆమె కూడా ట్రెయిలర్ మనిషే. ముసలి బండి కదా, ట్యాంకు కారుతోందని నిర్ధారించుకుంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేది దొంగలేనని మనం అనుకుంటాం. అమాయకులు తడుముకున్నంత గట్టిగా దొంగలు తడుముకోరు. ఇమోజీన్ పొడి ఇసుక తెచ్చి ఆ మరక మీద పోసింది. ఇసుక మీద చాప పరిచింది. చాప మీద కుర్చీ వేసి, దాని మీద కూర్చుని కొండను చూస్తున్నట్టు నటించింది. కొండ ఉన్నది అవతలి వైపు. ఇదంతా ఓపల్ పక్షుల కోసం కొనుక్కున్న దుర్భిణిలోంచి చూస్తూనే ఉంది.

కాసేపటికి ఓపల్ అరటిపండు రొట్టె పట్టుకుని వచ్చింది. వాతావరణం గురించి ఒక ముక్క మాట్లాడింది, బొమ్మలు బాగున్నాయంది. ఆ తర్వాత అసలు సంగతికొచ్చింది.

"ఏమనుకోకు ఇమోజీన్, మీ బాత్‌రూమ్ ఒక్కసారి వాడుకోవచ్చా?"

ఇమోజీన్ బిత్తరపోయింది. ట్రెయిలర్ మనుషులు ఒకరినొకరు చక్కెర అడుగుతారు, సుత్తి అడుగుతారు, అవసరమైతే కిడ్నీ కూడా అడుగుతారేమో గాని, బాత్‌రూమ్ అడగరు. ఎవరి ట్యాంకు వాళ్ళది. పైగా ఓపల్ బాత్‌రూమ్ కనుచూపు మేరలోనే ఉంది. వీళ్ళకు తెలిసిపోయిందని ఇమోజీన్‌కు అర్థమైంది.

"పనిచెయ్యట్లేదు," అంది.

"అయ్యో. ఎప్పట్నుంచి?"

"అసలు... నేనది వాడను."

ఓపల్ వచ్చిన దారినే తిరిగింది. రొట్టె కూడా వెనక్కి పట్టుకుపోయింది.

ఇమోజీన్‌కు ఒకటే దారి తోచింది. రేంజర్ వచ్చేలోగా డంప్ స్టేషన్‌కు పోయి ట్యాంకు మొత్తం ఖాళీ చేసేస్తే కారడానికి ఏమీ ఉండదు. సంతకం అయ్యాక బాగు చేయించుకోవచ్చు. ఆమె పరుగుపరుగున ట్రెయిలర్‌ను పికప్‌కు తగిలించింది. చాప ఎత్తి చూస్తే దాని అడుగునా, కుర్చీ కాళ్ళకూ నీలమే. సాక్ష్యం వదిలి వెళ్ళకూడదని చాపనూ కుర్చీనీ బేసిన్‌నూ లోపల పడేసి బయలుదేరింది.

అక్కడే పొరపాటు చేసింది. ట్రెయిలర్ జనం కాసేపటికని బండి తీసినా, తమ చోట ఒక కుర్చీ వదిలి వెళతారు. కుర్చీ ఉందంటే మనిషి తిరిగొస్తున్నట్టు లెక్క. కుర్చీ లేని చోటు ఎవరిదైనా కావచ్చు. ఇది ఏ గోడ మీదా రాసి ఉండదు, అయినా ఎవరూ తప్పరు.

"పారిపోతోంది, వెర్లిన్. కుర్చీ కూడా తీసుకుపోయింది," అంది ఓపల్.

వెర్లిన్ గోల్ఫ్ బండి ఎక్కి వెంటబడ్డాడు. ఓపల్ ఖాళీ అయిన చోట నిలబడి ఇసుకను కాలితో కెలుకుతుండగా, చోటు కోసం పొద్దుటి నుంచి క్యాంపు చుట్టూ తిరుగుతున్న బస్సంత బండి ఒకటి వచ్చి ఆగింది. మిన్నెసోటా నుంచి వచ్చిన దంపతులు కిటికీ దించి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఉండేవాళ్ళుగాని ఇక రారని ఓపల్ అభయమిచ్చింది.

డంప్ స్టేషన్ దగ్గర ఇమోజీన్ గొట్టం చేతిలో పట్టుకుని ఉండగా, గోల్ఫ్ బండి వచ్చి పికప్‌కు అడ్డంగా ఆగింది. వెర్లిన్‌కు కోపం తెచ్చుకోవడం చేతకాదు, అందుకని చట్టం మాట్లాడాడు. అడిగినదానికల్లా ఇమోజీన్ తల దించుకునే ఉంది. ఇంతలో రేంజర్ ఇనెజ్ జీపు కూడా అక్కడే ఆగింది. ముందుగా వచ్చిందో, ఓపల్ ఫోన్ చేసి రప్పించిందో మనకు అనవసరం. వెర్లిన్ జరిగినదంతా చెప్పాడు, జరగనిదీ కొంత చెప్పాడు.

ఇనెజ్ సంతకం పెట్టవలసిన కాగితం చేత్తో పట్టుకునే నిలబడింది. "ఇమోజీన్ గారూ, ఇది నిజమేనా?" అని అడిగింది.

ఇమోజీన్‌కు ఏడుపొచ్చింది. ఈ చలికాలం ఒకే కిటికీలోంచి ఒకే కొండను చూస్తాననీ, తడి బొమ్మను బల్ల మీద వదిలేసి నిశ్చింతగా పడుకుంటాననీ ఎంత ఆశపడిందో ఆ క్షణంలోనే ఆమెకు తెలిసింది. అయినా అబద్ధం ఆడాలనిపించలేదు. పొద్దుట ఆడినవాటికే ఒళ్ళంతా చెమటలు పట్టి ఉంది.

"నిజమే. నా ట్యాంకు కారుతోంది. దాచిపెట్టి పారిపోయొచ్చాను. మీరా కాగితం చింపెయ్యండి."

ఇనెజ్ పెదవి విరిచింది. నేల మీద కారితే ఎవరినైనా పంపించవలసిందేనని, తన చేతిలో ఏమీ లేదని చెప్పింది. ఇమోజీన్ సరేనని తల ఎత్తి, వీడ్కోలు చెబుదామని వెర్లిన్ మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూసింది.

"మీ ముక్కుకు ఏమయింది?"

"మీ మందే. వాసన చూశా, అంటుకుంది. రెండుసార్లు సబ్బు పెట్టా."

ఇమోజీన్ దగ్గరకు వచ్చింది. ఆయన గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. ముక్కును ఈ పక్క నుంచి, ఆ పక్క నుంచి పరిశీలించింది. వెర్లిన్ జీవితంలో తన ముక్కును అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు గనక కదలకుండా నిలబడ్డాడు.

"ఇది మందు కాదు," అంది ఇమోజీన్. "ఇది నా ఆకాశం. రోజూ నేను కలిపే రంగు. మందయితే సబ్బుకు పోయేది. ఇది పట్టుకుంటే వదలని రంగు, నా వేళ్ళు చూడండి."

వేళ్ళు చూపించింది. గోళ్ళ అంచుల్లో అదే నీలం. అప్పుడు ఆమెకు బేసిన్ గుర్తుకొచ్చింది. లోపల్నుంచి తెచ్చి కుళాయి కింద పెట్టి నింపితే, అందరి ముందూ అడుగు నుంచి ధార కట్టి కారిపోయింది. ట్యాంకు కింద చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉంది. ఇనెజ్‌కు నవ్వాగలేదు. ట్యాంకు వదిలేసి బుకాయించేవాళ్ళను చూశాను గాని, లేని నేరం ఒప్పుకున్న మనిషిని ఇదే మొదటిసారి చూస్తున్నానంది. రంగు అంటిన ఇసుక తవ్వి తీసెయ్యమని, కొత్త బేసిన్ కొనుక్కోమని చెప్పి, గోల్ఫ్ బండి మీదే కాగితం పెట్టి సంతకం చేసింది.

ముగ్గురూ తిరిగి వచ్చేసరికి ఇమోజీన్ చోటులో బస్సంత బండి ఉంది. మిన్నెసోటా దంపతులు పందిరి వేసి, కుర్చీలు పరిచి, మాంసం కాలుస్తున్నారు. కుర్చీ లేని చోటు కదా, లేవమని అనడానికి రేంజర్‌కు కూడా నోరు రాలేదు. క్యాంపంతా వెతికినా మరో ఖాళీ లేదు.

"ఎవరు రానిచ్చారు వీళ్ళని?" అని ఇనెజ్ అడిగింది.

వెర్లిన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఓపల్ కొండ వైపు చూసింది. క్యాంపులో రెండు బండ్లు పట్టే చోటు ఒక్కటే ఉంది, అది హోస్టులది. ఇనెజ్ ఆ చోటును ఒకసారి, ఆ దంపతులను ఒకసారి చూసి, ఇమోజీన్ చలికాలమంతా హప్పులవారి వాకిట్లోనే ఉంటుందని తేల్చేసింది. వెర్లిన్ ఒప్పుకున్నాడు. ఆయన అభిప్రాయం అడిగారని కాదు.

ఇమోజీన్ ఆ సాయంత్రం బండి సర్దుకుని, అందరికంటే ముందు కుర్చీ బయట వేసుకుంది. కిటికీ తెరిస్తే కొండ, దాని పక్కనే హప్పుల వంటగది. ఆమె చాలాసేపు కొండనే చూస్తూ కూర్చుంది, కళ్ళలో నీళ్ళు తిరిగినా తుడుచుకోలేదు.

శనివారం బొమ్మల తరగతికి అందరికంటే ముందు ఓపల్ వచ్చి మొదటి వరసలో కూర్చుంది. బొమ్మ మాత్రం వెయ్యలేదు, కుంచెలు కడిగిన నీళ్ళు ఎవరెక్కడ పోస్తారోనని కాపలా కాసింది.