ఉప్పుగుంటపాళెంలో ఏమీ పోని వంద రోజులు

ఉప్పుగుంటపాళెం వంద రోజుల పాటు నేరం లేకుండా ఉండబోతున్నదని సీఐ గారు ముందుగానే ప్రకటించారు. నేరం జరిగాక దొంగను పట్టుకోవడం పాతకాలపు పద్ధతి అనీ, జరగకముందే జరగలేదని తేల్చేయడమే ప్రజా పోలీసింగ్ అనీ బస్టాపు దగ్గర షామియానా కింద వివరించారు. జనం చప్పట్లు కొట్టారు. వంద రోజులు నిండిన ఊరికి దొంగలను పట్టే సీసీ కెమెరాలు ఎనిమిది బహుమానంగా ఇస్తామన్నప్పుడు ఇంకా గట్టిగా కొట్టారు.

బోర్డు పెట్టాలన్న ఆలోచన మాత్రం జయకుమార్‌ది. ఓడరేవు వైపు ఒక కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. అక్కడ గేటు పక్కన ‘ప్రమాదం లేని రోజులు’ అని అంకె వేసి ఉంటుంది. ఊరి భద్రతా కమిటీకి అధ్యక్షుడు కాగానే ఊరి మొదట్లో ‘ఫిర్యాదు లేని రోజులు’ అని పసుపు బోర్డు నిలబెట్టించారు. రోజూ ఉదయం స్నానం చేసి, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, అంకె మార్చి, ఒక అడుగు వెనక్కి వేసి ఆ అంకెకు సెల్యూట్ చేసేవారు.

తొంభై మూడో రోజు తెల్లవారి జకరయ్య తన రొయ్యల గుంట దగ్గరికి వెళ్ళేసరికి ఏరేటరుకు మోటారు లేదు.

ముప్పావు ఎకరం గుంట. ఉన్నది ఒకటే ఏరేటరు. దాని రెక్కలు తిరిగి నీళ్ళు చిలికితేనే రొయ్యకు ఊపిరి. మబ్బు పట్టిన రోజు అది ఆగిందంటే రొయ్యలన్నీ తేలిపోతాయి. డెబ్బై రోజులు పెంచిన పంట, ఇంకో ఇరవై రోజులకు వలేసి పట్టుబడి. జకరయ్య బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తానే ‘సారీ’ చెప్పే రకం. అలాంటివాడు ఆ ఉదయం చొక్కా గుండీలు సరిగా పెట్టుకోకుండానే స్టేషనుకు వెళ్ళాడు.

హెడ్ కానిస్టేబుల్ కామాక్షయ్య ఆప్యాయంగా కుర్చీ చూపించాడు. “ఏంది జకరయ్యన్నా, ఇంత పొద్దున్నే?”

“మోటారు పోయింది సార్. ఎవురో ఎత్తుకపోయినారు.”

కామాక్షయ్య పెన్నుకు మూత పెట్టేశాడు. “ఎత్తుకపోయేది నువ్వు చూసినావా?”

“చూళ్ళేదు.”

“మరి పోయిందని ఎట్టా చెప్తావు? ఇప్పుడు లేదు. నీకు తెలిసింది అంతవరకే. లేకపోవడం నేరం కాదన్నా. నా నెత్తిన జుట్టు లేదు, కేసు పెట్టినానా?”

లోపలి గదిలోంచి సీఐ గారు బయటికి వచ్చారు. ఆయన మనస్తత్వ శాస్త్రం మీద మూడు రోజుల ట్రైనింగు తీసుకున్నారు. జకరయ్య భుజం మీద చెయ్యి వేసి, “భద్రత వస్తువు కాదు జకరయ్య గారూ, భావన. బాగా ఆలోచించండి. మోటారు పోయిందా, పోయిందన్న భావన కలిగిందా?” అని అడిగారు.

జకరయ్య నిజాయితీగా ఆలోచించాడు. భావన కలిగిన మాట వాస్తవమే.

“కలిగింది సార్.”

“చూశావా,” అన్నారు సీఐ గారు కామాక్షయ్యతో, “ఎంత చక్కగా ఒప్పుకున్నాడో!”

ఇలాంటి భావనలు ఖాళీగా ఉండేవారికే కలుగుతాయి కనక, అక్కడికక్కడే జకరయ్యను భద్రతా కమిటీ ఉపాధ్యక్షుణ్ణి చేశారు. ఆకుపచ్చ టోపీ, ఈల ఇచ్చారు. రోజూ సాయంత్రం రిజిస్టరులో ‘ఈ రోజు ఊళ్ళో ఏమీ పోలేదు’ అన్న వాక్యం కింద సంతకం పెట్టడం ఉపాధ్యక్షుడి పని. మొదటి సాయంత్రం జకరయ్య ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. మోటారు పోయింది నిన్న రాత్రి. ఈ రోజు ఏమీ పోలేదు. వాక్యంలో అబద్ధం లేదు. సంతకం పెట్టాడు.

భార్య మగ్దలీనమ్మ టోపీని చూసింది, ఈలను చూసింది. “మోటారేది?”

“భద్రత అనేది ఒక భావనంట మే.”

“ఆ మాట రొయ్యలకి చెప్పుపో. అవి వింటే నేనూ వింటా.”

చెప్పడం ఆపి ఇద్దరూ గుంటలోకి దిగారు. తాటిమట్టలతో నీళ్ళను కొట్టడం మొదలుపెట్టారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. పక్క గుంట బెన్హర్‌ది. అక్కడ ఏరేటరు హాయిగా తిరుగుతోంది. రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకునే మోటారు.

మగ్దలీనమ్మ మట్ట ఆపింది. “అది మన మోటారు దగ్గే.”

“మోటార్లన్నీ అట్టనే దగ్గతాయిలే,” అన్నాడు జకరయ్య. ఆ రోజు నుంచి గాలి అటునుంచి వీచినప్పుడల్లా నీళ్ళను ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు, ఆ చప్పుడు వినపడకుండా. అది తన మోటారని తెలుసునని ఆయనకు తెలుసు. కానీ తెలియడం కూడా ఒక భావనే కదా అని సర్దుకున్నాడు.

తొంభై ఏడో రోజు ఆదివారం. చర్చిలో వాక్యం అయ్యాక పాస్టర్ సమాధానం గారు, సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండన్నారు. ఆ వేళ జ్వరం తగ్గినవాళ్ళూ, కంపెనీలో ఉద్యోగం పర్మనెంటు అయినవాళ్ళూ లేచి స్తోత్రం చెప్పుకోవడం మామూలు. ఆ రోజు బెన్హర్ లేచాడు.

“జకరయ్యన్న మోటారు విప్పుకపోయింది నేనే. నా మోటారు కాలిపోయినాది. రొయ్యలు తేలతా ఉంటే బుద్ధి గడ్డి తినింది. నాలుగు రోజులుగా అన్నా వదినా నీళ్ళు కొడతా ఉంటే గట్టున కూసోని చూసినాను. ఇంక నావల్ల కాదు. ఈ పొద్దే తెచ్చి బిగించేస్తాను. నన్ను క్షమించమనండి.”

జకరయ్యకు నాలుగు రోజుల తర్వాత ఊపిరి నిండుగా వచ్చింది. లేవబోయాడు. అంతకంటే ముందు జయకుమార్ లేచారు.

“అయ్యగారూ, ఇది సాక్ష్యమా, ఫిర్యాదా?”

“ఒప్పుకోలు,” అన్నారు పాస్టరు గారు.

“ఒప్పుకోవాలంటే ముందు నేరం ఉండాల కదా,” అని జయకుమార్ సెల్లు తీసుకుని బయటికి నడిచారు.

సంఘం మూడు పాటలు పాడేలోపు సీఐ గారు వచ్చేశారు. బూట్లు గుమ్మం బయట విడిచి, బెన్హర్ పక్కన వినయంగా కూర్చున్నారు.

“దొంగతనం చేశావా నాయనా, చేశానన్న భావన కలిగిందా?”

“చేసినాను సార్. స్పానరు కూడా నాదే.”

యువకుల్లో ఈ మొండితనం చూసి సీఐ గారు నొచ్చుకున్నారు. జకరయ్య వైపు తిరిగారు. “ఆ మోటారు మీదేనా? తొందరేం లేదు. మీదే అయితే అది పోయినట్టు. పోయినట్టయితే, నాలుగు సాయంత్రాలు ఏమీ పోలేదని సంతకం పెట్టిన మనిషి మీద నేను కేసు కట్టాలి. ఆ మనిషి కూడా మీరే.”

మగ్దలీనమ్మ కళ్ళు వీపుకు తగులుతున్నట్టు జకరయ్యకు తెలుస్తూనే ఉంది. బస్సులో కాలు తొక్కించుకున్నప్పటి ముఖంతో నిలబడ్డాడు.

“నాది కాదు సార్. సారీ.”

“అన్నా!” బెన్హర్ ఏడ్చినంత పని చేశాడు. “యాడుండి చెప్తా ఉండావన్నా ఈ మాట! మోటారు మీద జ అని నువ్వే రాసుకోలా పెయింటుతో?”

“జ అంటే జయకుమార్ కూడా కావచ్చు,” అన్నారు సీఐ గారు.

“నాది కాదు సార్!” అన్నారు జయకుమార్ వెంటనే.

బెన్హర్ అది నాకొద్దన్నాడు. జకరయ్య నాది కాదన్నాడు. మధ్యాహ్నం బెన్హర్ దాన్ని విప్పి తెచ్చి రెండు గుంటల మధ్య గట్టు మీద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఎవరిదీ కాని వస్తువు కనక కమిటీ దాని చుట్టూ పసుపు రిబ్బను కట్టింది. ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా అవసరమైంది. ఉపాధ్యక్షుడు రోజూ ఎలాగూ గుంట దగ్గరే ఉంటాడు కనక ఆ బాధ్యత జకరయ్యకే అప్పగించారు.

మూడు రోజులు జకరయ్య టోపీ పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మగ్దలీనమ్మ ఒక్కతే గుంటలో నీళ్ళు కొట్టింది. సోమవారం ఆమె ఒడ్డుకొచ్చి మోటారు మీద చెయ్యి వేయబోయింది. ఆయన ఈల ఊదాడు. ఊదాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. ఆమె మట్ట తీసుకుని తిరిగి నీళ్ళలోకి దిగింది. మంగళవారం మబ్బు పట్టింది. బుధవారం ఉదయానికి రెండు గుంటల్లోనూ రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి.

ఆ రోజే వందో రోజు. పెద్దాఫీసరు గారు వచ్చి బోర్డు ముందు ఫోటో దిగారు. దొరికిన వస్తువును దాచుకోకుండా సమాజానికి అప్పగించినందుకు బెన్హర్‌ను ఆదర్శ పౌరుడిగా ప్రకటించి, ఎవరూ వచ్చి అడగలేదు కనక ఆ మోటారునే రిబ్బనుతో సహా అతనికి బహూకరించారు. శాలువా కప్పింది ఉపాధ్యక్షుడు. కప్పేటప్పుడు బెన్హర్ ఆయన చెవిలో, “తీసుకపో అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా,” అన్నాడు. “ఫోటో తీస్తా ఉండారు, నవ్వబ్బా,” అన్నాడు జకరయ్య.

నూటనాలుగో రోజు ఆదివారం. చర్చి గుమ్మం మీద కొత్త కెమెరా మెరుస్తోంది. సాక్ష్యాల వేళకు జకరయ్య టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచాడు.

“ఒక పాపం ఒప్పుకోవాల అయ్యగారూ. పొరుగువాడి మోటారుని ఆశించినాను.”

“ఎన్నాళ్ళుగా సోదరా?”

“పదకొండు రోజులుగా. అది దగ్గినప్పుడల్లా నాదే అనిపించేది.”

బెన్హర్ తల మోకాళ్ళలో దాచుకున్నాడు. మగ్దలీనమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. సంఘమంతా ఆమేన్ అన్నది. అందరికంటే గట్టిగా అన్న జయకుమార్, సాయంత్రం దాకా ఆగడమెందుకని రిజిస్టరు అక్కడికే తెచ్చి తెరిచారు.

జకరయ్య అలవాటుగా వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. ఈ రోజు ఊళ్ళో ఏమీ పోలేదు. వాక్యంలో అబద్ధం లేదు. సంతకం పెట్టాడు.