అప్పయమ్మ పళ్లు సెట్

తెలుగులో క్రియాపదాలు మరీ ఎక్కువైపోయాయి. వాటన్నిటినీ అటకెక్కించి, ఒక్క ‘సెట్’ని ఉంచుకుంటే చాలని నా మనవి! ఇంగ్లీషులోనే చూడండి. గో, వెంట్, గాన్ అంటూ పిల్లలు గొంతులు పోగొట్టుకుంటున్నారు. ‘సెట్’ మాత్రం నిన్నా సెట్టే, నేడూ సెట్టే. ఇంత నిలకడ మనుషుల్లో ఉందా?

హిందీ నాట ఉన్న భిలాయి ఉక్కునగరం సెక్టర్ 4లో లక్ష్మీప్రసాద్ గారి క్వార్టర్ ఈ విషయంలో ఆదర్శం. ప్లాంటులో షిఫ్టు మార్పు దొరికితే సెట్. మొరాయించిన కూలర్ తిరిగితే సెట్. వైశాలి నగర్ బావగారి అలక తీరితే సెట్. పెరుగు తోడుకున్నా, కూతురు భాగ్యరేఖకు కాలేజీలో సీటొచ్చినా సెట్టే. నోటికి ఎంత విశ్రాంతి!

ఆ ఇంట్లో వెనకబడిన మనిషి ఒక్కరే, ఆయన తల్లి అప్పయమ్మ. శ్రీకాకుళం నుంచి వచ్చి యాభై ఏళ్లయినా ఆవిడ ఒక్కో బాధకు ఒక్కో మాట వాడుతుంది. మొన్న సోమవారం ఆవిడకు కట్టుడు పళ్లు పెట్టించారు. చచ్చేలోగా కరకరలాడే జంతిక ఒక్కటి కొరకాలని మూడేళ్లుగా ఆవిడ కోరిక.

“నానమ్మా, దాంత్ సెట్ హై నా?” అని అడిగింది మనవరాలు.

“కిందపక్క ఒరుసుకుంతందమ్మా. నమిల్తే సలుపుతంది.”

“మత్‌లబ్?” అంటూ పిల్ల అర్థమడిగింది.

అప్పయమ్మ ఆలోచనలో పడింది. ఆవిడ బజారు హిందీలో కూరగాయలున్నాయి గానీ నొప్పులు లేవు. పిల్ల తెలుగులో రెండూ లేవు. తెల్లమొహం వేసిన మనవరాలిని చూసి జాలేసి “సెట్టేలే” అంది. ఇంటిల్లిపాదీ సంతోషించారు.

ఆ వారమంతా ఆవిడ జావ తాగి గడిపింది. ఆదివారం కోడలు కుసుమ అత్తగారి కోసమే జంతికలు వండింది. అప్పయమ్మ ఒకటి అందుకుని, కాసేపు చూసి, నోట్లోంచి పళ్లు తీసి పళ్లెంలో పెట్టింది. కింది చిగురంతా పుండు పడి ఉంది.

“ఏటమ్మా ఇది, సెప్పాల గదా?” అన్నాడు లక్ష్మీప్రసాద్.

“సోమారమే సెప్పినాను. ఈ ఇంటిలో ఎవులికి తెలిసిందని?” ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి మాత్రం కాదు.

భాగ్యరేఖకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు తనే నెహ్రూ నగర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పళ్ల అంచు అరగదీసి, మళ్లీ పెట్టి, “అబ్ కైసా హై, అమ్మాజీ?” అన్నాడు.

అప్పయమ్మ నాలుకతో తడిమి చూసుకుంది. ఈసారి ఒక్క మాట కూడా మింగదలుచుకోలేదు.

“కింద ఒరుసుకోటం తగ్గింది బాబూ. పైది మాత్రం వదులుగుంది. నమిల్తే ఊడొచ్చీలాగుంది. జంతిక కొరకలేను.”

తెలుగు రాని డాక్టరు, ఏమంటోందన్నట్టు మనవరాలి వైపు తిరిగాడు.

“సెట్ హై, డాక్టర్ సాబ్” అంది భాగ్యరేఖ.