పాస్‌వర్డ్ పెట్టాను కదా!

పక్కవాళ్ళ గుట్టు పదిమందికీ చెప్పడం తప్పని మీరింకా అనుకుంటున్నారా? అయితే మీరు బాగా వెనకబడి ఉన్నారు. నిక్షేపంగా చెప్పవచ్చు, ఫొటోలతో సహా చెప్పవచ్చు. కాకపోతే ముందు ఒక పాస్‌వర్డ్ పెట్టాలి. ఇంత చవకగా ఇంత మర్యాద సంపాదించిపెట్టే వస్తువు మరొకటి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను!

అసలు పాస్‌వర్డ్ లేని సొంత వెబ్ పేజీని ఎవరు చూస్తారు చెప్పండి? మీరు మేడ మీద పెంచిన మిరపమొక్కని చూడటానికి ఎవరు పని మానుకుని వస్తారు? అదే ఒక పెట్టె అడ్డం పెట్టి ‘పాస్‌వర్డ్ కొట్టండి’ అనండి. లోపల ఏదో ఉందని లోకం గోడ దూకడానికి సిద్ధమవుతుంది! నమ్మకం లేకపోతే మా అడ్మిన్ గారి సంగతి వినండి.

అడ్మిన్ గారు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. బంధువులందరికీ కలిపి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టి దాన్ని ఏలుతున్నాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆయన భార్య పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఈమధ్య ఆవిడకి ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. సెలవు చీటీలో ‘ఒంట్లో బాగాలేదు’ అని రాసి ఊరుకుంది ఆవిడ. తన ఒళ్ళు తన సొంత విషయమని పాపం ఆవిడ భ్రమ.

భర్తగారికి అలాంటి భ్రమలు లేవు. ఆవిడకి మత్తు దిగకముందే పేజీ తయారైంది. పేరు ‘ఆమె పోరాటం, నా అండ’. పోరాటం రెండు పేరాల్లో ముగిసిపోతుంది, అండ మాత్రం ఎంత కిందికి జరిపినా తరగదు. ఆస్పత్రి కుర్చీలో పడుకుని ఆయన నడుము ఎలా పట్టేసిందీ, క్యాంటీన్‌లో కాఫీ ఎంత నీళ్ళగా ఉందీ చదివితే ఎంతటివాళ్ళకైనా గుండె తరుక్కుపోతుంది. మధ్యమధ్య ఫొటోలు. జుట్టు చెదిరిపోయి, చేతికి గొట్టంతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆవిడ. పక్కనే నున్నగా గడ్డం గీసుకున్న ఆయన. లింకు బంధువుల గ్రూపులోకి, ఆఫీసువాళ్ళ కుటుంబాల గ్రూపులోకి, అపార్ట్‌మెంట్ గ్రూపులోకి వెళ్ళింది.

ఆవిడ మళ్ళీ పనిలో చేరింది. ఒకరోజు పై అంతస్తులో ఉండే పెద్దమనిషి బుగ్గ వాచి క్లినిక్‌కి వచ్చాడు. నోరు సరిగ్గా తెరవలేకపోతున్నా కౌంటర్ మీదికి వంగి, “కుట్లు మానాయా అమ్మా? ఫొటో చూసి మా ఇంట్లో అందరం బాధపడ్డాం” అన్నాడు. వరసగా కూర్చున్న పేషెంట్లంతా చేతిలోని పత్రికల్లోంచి తలలెత్తారు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. “కూర్చోండి, పిలుస్తాను” అని కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే, “ఏమండీ, ఆ పేజీ తీసెయ్యండి” అంది.

“ఎందుకు? ఎంతమంది నీ కోసం బాధపడుతున్నారో చూశావా?”

“నన్నడిగి పెట్టారా?”

“నీ గురించి మంచే రాశాను కదా.”

“మంచో చెడో, అది నా కడుపు సంగతి. తీసెయ్యండి.”

అంత నడుంనొప్పి పడి రాసింది తీసెయ్యడమా! ఆయన ప్రాణం ఒప్పలేదు. కానీ భార్య మాట తోసిపుచ్చే మూర్ఖుడు కాదు, నలుగురిలో మంచి భర్తగా పేరున్నవాడు. అందుకని మధ్యేమార్గం కనిపెట్టాడు. “పాస్‌వర్డ్ పెడతాలే. ఇక మనవాళ్ళు తప్ప ఎవరూ చూడరు.”

“మనవాళ్ళే చూడకూడదు” అంది ఆవిడ.

ఈ మాట ఆయన చెవిన పడలేదు. అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచేశాడు.

ఆదివారమంతా కూర్చుని తాళం బిగించాడు. పాస్‌వర్డ్ ఎవరూ మరిచిపోకూడదని పెట్టె కిందే ఒక క్లూ రాశాడు. ‘మా ఆవిడ పుట్టిన సంవత్సరం.’ ముందుచూపంటే ఇదీ!

ఇక ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఆడపడుచు. “ఏమీ అనుకోకు వదినా, నువ్వు పుట్టింది ఏ సంవత్సరం? అన్నయ్య పేజీ తెరుచుకోవడం లేదు.” తర్వాత పినమామగారు, ఆ తర్వాత ఎప్పుడూ పలకరించని తోడికోడలు. ఆఫీసువాళ్ళు మొహమాటస్తులు, ఫోన్ చెయ్యకుండా సొంతంగా ప్రయత్నించారు. బాగా పాత సంవత్సరం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే ముందుకి వచ్చారట. ఇదివరకు ఒకసారి చూసి వదిలేసినవాళ్ళు కూడా, కొత్తగా ఏదో పెట్టే ఉంటాడని మళ్ళీ చూశారు. ఆపరేషన్ సంగతి మాత్రమే తెలిసినవాళ్ళకి ఇప్పుడు వయసు కూడా తెలిసింది. భద్రత అంటే ఇది కాక మరేమిటి?

“పాస్‌వర్డ్ పెట్టాను కదా, ఇంకా ఆ ముఖం ఏమిటి?” అన్నాడు అడ్మిన్ గారు.

పేజీకి తాళం వేసే పద్ధతిని ఆయనే గొప్పగా గ్రూపులో పెట్టి ఉన్నాడు. మర్నాడు భోజనాల వేళ ఆవిడ క్లినిక్‌లో కూర్చుని అది చూస్తూ తనూ ఒక పేజీ చేసుకుంది. లింకు మూడు గ్రూపుల్లోకీ పంపింది. పేరు ‘మా ఆయన, ఇంట్లో నేను చూసినంత’. తాళం ఉంది. క్లూ లేదు.

అడ్మిన్ గారు ఆ సమయానికి ఎవరిదో మేడ మీద లిఫ్టు మోటారు గదిలో ఉన్నాడు. ఫోన్ చూసుకుని అక్కడే చతికిలబడ్డాడు. తన పుట్టిన సంవత్సరం కొట్టాడు, పెళ్ళి తేదీ కొట్టాడు. తెరుచుకోలేదు. చెల్లెలికి ఫోన్ చేశాడు.

“నాకేం తెలుసు అన్నయ్యా? వదిన ఇవ్వలేదు.”

“నిజం చెప్పు.”

“నిజమే చెబుతున్నాను.”

చెల్లెలి గొంతులో నవ్వు వినిపించినట్టు తోచింది. ఇక ఆయనకి ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. జుట్టుకి వేసే రంగు. రక్తపరీక్షకి వెళ్ళి సూది చూసి కళ్ళు తిరిగి పడిపోవడం. మేనేజరు చేత చీవాట్లు తిని వచ్చి వంటింట్లో ఏడ్చిన సాయంత్రం. అది కూడా రాసి ఉంటుందా? ఫొటో గానీ తీసిందా? కింద మెకానిక్‌లు ఇద్దరు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ళు రోజూ నవ్వుకుంటారు, ఆయన చూడటం ఇవాళే.

పని సగంలో వదిలేసి ఇంటికి వచ్చాడు. “పాస్‌వర్డ్ ఎవరెవరికి ఇచ్చావు?”

“మీకెందుకు? మంచే రాశాను లెండి.”

“ముందు అది తీసెయ్.”

“మీది తీసెయ్యండి.”

ఈసారి నడుంనొప్పి అడ్డు రాలేదు. ఆవిడ కళ్ళ ముందే తన పేజీ తుడిచేశాడు. అప్పుడు ఆవిడ తన పేజీకి పాస్‌వర్డ్ కొట్టి ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. తెల్లగా, ఖాళీగా ఉంది. ఆయన పైకి జరిపాడు, కిందికి జరిపాడు. ఒక్క అక్షరం లేదు.

“అందరూ చూశాక తీసేశావు కదూ?” అన్నాడు నీరసంగా.

“నేనసలు ఏమీ పెట్టలేదు” అంది ఆవిడ. “అందరూ చూశాక తీసింది మీరు.”