నీళ్ళు చూడని పడవ

ఆ సోమవారం పొద్దున జయరామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ప్రిన్సిపాలు గదికి వెళ్ళి ఒక కాగితం మీద సంతకం పెట్టడం, అక్కణ్ణుంచి నేరుగా హాస్టలుకు వెళ్ళి ఇడ్లీలు తినడం. అంతే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాదైనా బియ్యం ఇంకా రేషన్‌లోనే దొరుకుతున్న రోజులవి. చంద్రగిరిలో కొత్తగా పెట్టిన ఆ కాలేజీ హాస్టల్లో ముప్పై మందికే చోటు. జయరామ్ ముప్పై ఒకటోవాడు. చోటు దొరక్కపోతే బి.ఏ. మాట మరిచిపోయి, చిత్తూరు దగ్గర సొంత ఊళ్ళో నాయన మునిరామయ్యతో కలిసి చెరకు గానుగ ఆడించుకోవాలి. సరిగ్గా అప్పుడే నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన వెలిసింది. పడవ పందేల జట్టులో చేరిన నలుగురికి హాస్టల్లో అదనంగా చోటిస్తారట. పైగా రోజూ పొద్దున రెండు గుడ్లు, లోటాడు పాలు.

ప్రిన్సిపాలు పరంధామయ్య ఇంగ్లండులో చదివి వచ్చినవాడు. పడవ జట్టు లేని కాలేజీని అక్కడ కాలేజీ అనరని ఆయన గట్టి నమ్మకం. దరఖాస్తులో ఒకటే ప్రశ్న ఉంది, ఈత వచ్చునా అని. బావిలోకి తొంగి చూడడం తప్ప లోతు నీళ్ళ మొహం ఎరగని జయరామ్, కడుపులో ఎలుకలు పరిగెడుతుండగా, గుండ్రటి అక్షరాలతో 'బాగా వచ్చును' అని రాశాడు.

మర్నాడు తెల్లవారగానే పడవ వచ్చింది. పులికాట్ నుంచి లారీలో తెప్పించిన చేపల పడవ అది. నలుగురూ దాన్ని భుజాలకెత్తుకుని మైలు దూరంలోని స్వర్ణముఖికి మోశారు. తీరా చూస్తే ఏట్లో చుక్క నీరు లేదు. ప్రిన్సిపాలు ఏమాత్రం చలించలేదు. వానలు పడేదాకా ఇసుకలోనే సాధన చేయమన్నాడు. నలుగురూ వెళ్ళాల్సిన దిక్కుకు వీపు పెట్టి కూర్చుని, గంటసేపు తెడ్లతో గాలిని తోసి, మళ్ళీ పడవను మోసుకుంటూ వెనక్కి వచ్చారు. అక్కడే వదిలేస్తే ఎవరైనా పొయ్యిలోకి పట్టుకుపోతారని ఆయన భయం.

రోజూ ఇదే తంతు. ఆకుకూరలమ్మే గంగులమ్మ వారం రోజులు ఊరుకుని, చివరికి ఉండబట్టలేక అడిగింది.

"ఏం నాయనా, పొద్దన్నే అట్లా మోస్తారు, మళ్ళా ఇట్లా మోస్తారు. ఏ దేవునికి మొక్కుకున్నారు?"

రెండు నెలలు గడిచాయి. వానలు రాలేదు. భుజాలు మాత్రం కాయలు కాచి రాయిలా తయారయ్యాయి. గుడ్లూ పాలూ ఒంటబట్టాయి కాబట్టి జయరామ్‌కు పెద్దగా దిగులు లేదు. మిగిలిన ముగ్గురూ, అంటే ఎల్లప్ప, చిన్నబ్బ, ఇమాంసాహెబ్, ఈత వచ్చినవాళ్ళే కదా అని ధైర్యంగా ఉన్నాడు.

ఆ ధైర్యం ఒక శుక్రవారం సాయంత్రం ఆవిరైపోయింది. తన జట్టు రెండు నెలలుగా ఒక్క రోజు కూడా మానకుండా సాధన చేస్తోందని ప్రిన్సిపాలు మద్రాసులో ఒక కాలేజీకి ఉత్తరం రాశాడు. అందులో అబద్ధమేమీ లేదు. దాన్ని సవాలుగా తీసుకున్న వాళ్ళ జవాబు ఆ సాయంత్రమే అందింది. ఆదివారం పులికాట్ సరస్సులో పందెం. ఓడితే జట్టు రద్దు చేయాలని కాలేజీ కమిటీ తీర్మానించింది. జట్టు పోతే హాస్టల్లో చోటూ పోతుంది. జయరామ్‌కు కళ్ళముందు గానుగ గిర్రున తిరిగింది.

ఆదివారం పడవను లారీలో తెచ్చేసరికే పులికాట్ ఒడ్డున జనం మూగారు. కొడుకు వీరుడైపోయాడని ఊరంతా చాటి వచ్చిన మునిరామయ్య పూలదండతో ముందు వరసలో నిలబడ్డాడు. దూరంగా ఇసుక తిన్నె మీద జెండా పాతారు. దాన్ని ముందు దాటినవాళ్ళదే గెలుపు. మద్రాసు జట్టు మల్లెపూవులాంటి బట్టల్లో, సన్నటి పడవలో వచ్చింది.

ఈల వేయగానే నలుగురూ తెడ్లు వేశారు. పడవ నిజంగానే కదిలేసరికి వాళ్ళే నిర్ఘాంతపోయారు. సగం దూరం పోయాక జయరామ్ కాళ్ళకు చల్లగా తగిలింది. రెండు నెలలు ఇసుకలో ఎండిన పడవ పలకల మధ్య నెర్రెలు విచ్చాయి. నీళ్ళు బుడబుడమంటూ లోపలికి వస్తున్నాయి.

"ఈతొచ్చినోళ్ళు దూకి పడవను పట్టుకోండప్పా," అన్నాడు జయరామ్.

ఎవరూ దూకలేదు. చిన్నబ్బ ఎల్లప్పను చూశాడు. ఎల్లప్ప ఇమాంసాహెబ్‌ను చూశాడు.

"నేను గుడ్లకోసరం రాసినాను," అన్నాడు ఇమాంసాహెబ్ మెల్లగా.

తక్కిన ఇద్దరూ తలలు దించుకున్నారు. జయరామ్ ఒడ్డున ఉన్న నాయనకు కూడా వినబడేలా వెంకటేశ్వరస్వామికి తలనీలాలు మొక్కుకున్నాడు. వెంటనే ఎల్లప్పా చిన్నబ్బా అదే మొక్కు మొక్కారు. ఇమాంసాహెబ్ దర్గాకు చాదర్ కప్పిస్తానని మొక్కుకున్నాడు. నలుగురూ ఒకరినొకరు వాటేసుకుని ఒకే పక్కకు ఒరగడంతో పడవ బోర్లాపడింది.

కళ్ళు మూసుకుని కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్న జయరామ్‌కు పక్కనే ఒక గొంతు వినిపించింది. రొయ్యలు పట్టుకునే పోలేరమ్మ, తల మీద బుట్టతో, తీరిగ్గా నడిచి వస్తోంది.

"లేసి నిలబడు నాయనా. రొయ్యలు బెదిరిపోతాండాయి," అంది.

నిలబడ్డాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

అలా తెల్లబోయి నిలబడి ఉండగా చిన్నబ్బ ముందుకు చేయి చూపించాడు. మద్రాసు జట్టు బురదలో దిగబడిపోయింది. బట్టలు పాడవుతాయని ఒక్కరూ కిందికి దిగలేదు. ఎవరైనా వచ్చి తోస్తారేమోనని ఎదురుచూస్తున్నారు. జెండా ఇంకా రెండు ఫర్లాంగులుంది.

నలుగురూ మారుమాట లేకుండా పడవలోని నీళ్ళు ఒంపేసి, రోజూ చేసే పనే కాబట్టి అవలీలగా భుజాలకెత్తుకుని పరుగందుకున్నారు. వాళ్ళకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

మద్రాసువాళ్ళు గోల పెట్టారు. తీర్పు చెప్పే పెద్దమనిషి నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. పడవా నలుగురు మనుషులూ కలిసి జెండా దాటాలని మాత్రమే అందులో ఉంది. పడవ మీద మనుషులుండాలో, మనుషుల మీద పడవ ఉండాలో రాయలేదు. కప్పు చంద్రగిరికే ఇచ్చేశాడు.

హాస్టల్లో చోటు ఖాయమైందని జయరామ్ ఆనందంతో ఏడ్చాడు. ఆ కన్నీళ్ళు ఆరకముందే మద్రాసువాళ్ళు వచ్చి, వచ్చే నెల తమ ఊళ్ళో, ఏనుగు మునిగేంత లోతులో మళ్ళీ పందెం పెట్టాలన్నారు. పరంధామయ్య సంతోషంగా సరేనన్నాడు. జయరామ్ ఏడుపు ఆగలేదు గానీ, అందులో ఆనందం లేదు.

మునిరామయ్యకు ఇవేవీ పట్టలేదు. కొడుకును పట్టుకుని మర్నాడే తిరుమల బస్సెక్కించాడు. మోకాటి లోతు నీళ్ళకు గుండు ఎందుకని జయరామ్ దారి పొడుగునా వాదించాడు.

"మొక్కేటప్పుడు నువ్వు లోతు సూసుకుంటివా?" అన్నాడు మునిరామయ్య.

కల్యాణకట్టలో మంగలి తల తడిపి కత్తి ఎత్తగానే జయరామ్ అతని చేయి పట్టుకుని, నాయనకు వినబడకుండా అడిగాడు.

"ఎనకపక్క కొంచిం ఉండనీ అన్నా, వచ్చే నెల మొక్కుకు కావల్ల."